మాస్టారి గీత, మా నాయన మాట

మా డ్రాయింగ్ మాస్టారు పోయారన్న కబురు మా మేనత్త తెచ్చింది. ముత్తుకూరులో చేపలమ్ముకుని, ఖాళీ గంప చంకన పెట్టుకుని ఆటో దిగింది. గడప దాటకముందే చెప్పేసింది.

"మీ అయ్యోరు పోయినాడంట మే. పొద్దన్నే కాఫీ తాగతా తాగతా కుర్చీలోనే ఒరిగిపోయినాడంట. గుండెపోటంట."

మా వైపు పంతుళ్ళను అయ్యోరనే అంటారు. నేనప్పుడు సాయంత్రం పాఠం కోసం బల్ల తుడుస్తున్నాను. గుడ్డ అక్కడే వదిలేసి కూర్చుండిపోయాను. ఏడుపు రాలేదు. "ఇంక ఆయన చెప్పడు" అన్నది ఒక్కటే మనసులో తిరిగింది. ఆయన నాకు చెప్పాల్సిన మాట ఒకటి మిగిలిపోయింది. దానికోసం ఇన్నాళ్ళూ ఎదురు చూస్తున్నానని ఆ నిమిషం దాకా నాకే తెలియదు.

పోయినవాళ్ళ గురించి మంచే చెప్పుకోవాలంటారు. ఆయన గురించి చెప్పడానికి నా దగ్గర మంచి చాలా ఉంది. నేనీరోజు నాలుగు మెతుకులు తింటున్నది ఆయన నేర్పిన పనితోనే. ఆయన నన్ను మోసం చేశారన్నది కూడా అంతే నిజం. ఇందులో ఒకటి చెప్పి ఒకటి దాస్తే అది ఆయన గురించి చెప్పినట్టు కాదు. అందుకే రెండూ రాస్తున్నాను.

హైస్కూల్లో ఆయన పీరియడ్ మాకు దక్కేది తక్కువ. పరీక్షలు దగ్గరపడితే లెక్కల సార్ వచ్చి, "మీ క్లాసు నాకివ్వండి మాస్టారూ" అనేవారు. ఈయన సుద్దముక్కల డబ్బా పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయేవారు. ఒక్కసారి కూడా కుదరదని అనలేదు. క్లాసు దొరికిన రోజున మాత్రం ఊరుకునేవారు కాదు. బోర్డు మీద చేప తోక ఒక్కటే గీసి, "ఏ చేపో చెప్పండి" అనేవారు. మేము పాలెం పిల్లలం, చేపల మధ్య పుట్టినవాళ్ళం. వంజరమని ఒకరు, సొర అని ఒకరు అరిచేవాళ్ళం. "తోక చీలిక ఇంకా లోతుగా ఉంటది సార్" అని ఎవరైనా అంటే, నొచ్చుకోకుండా ఆ పిల్లకే సుద్దముక్క ఇచ్చి గీయించుకునేవారు. మిగతా సార్లందరికీ మేము నీచు వాసన పిల్లలం. ఈయనకు కాదు. ఆ సంగతి నేనెప్పటికీ మరిచిపోను. తర్వాత జరిగింది నన్ను అంతగా కోసింది కూడా అందుకే.

ఆయన రబ్బరు వాడనిచ్చేవారు కాదు. "తప్పు గీతను ఉండనీ, పక్కన ఒప్పు గీత గియ్యి. చూసే కన్ను ఏది కావాల్నో అదే ఎంచుకుంటది" అనేవారు. కాగితాన్ని తాకేముందు చెయ్యి గాలిలో ఒక్కసారి తిప్పేవారు. బుగ్గన లవంగం మొగ్గ ఎప్పుడూ ఉండేది.

పెద్దయ్యాక నేను ముత్తుకూరులో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేదాన్ని. కరోనా వచ్చి బడి మూతపడింది. తెరిచాక నన్ను మళ్ళీ పిలవలేదు. పాలెం పిల్లలకు ఫోన్లో పాఠాలు చెబుదామని మొదలుపెట్టాను. ఫోన్‌ను పప్పుల డబ్బాకు ఆనించి, గోడకు తగిలించిన నల్లబోర్డు ముందు నిలబడేదాన్ని. బోర్డు మీద కిటికీ వెలుతురు పడి తెల్లగా మెరిసేది. నేను రాసింది నా వీపే కప్పేసేది. పిల్లలు ఒక్కొక్కరే జారుకున్నారు. "మీరు కనపడతన్నారు గానీ పాఠం కనపడలా మేడమ్" అని ఒక పిల్ల నిజం చెప్పింది.

అప్పటికి మాస్టారు రిటైరై ముత్తుకూరులో ఉంటున్నారు. వెళ్ళి గోడు చెప్పుకున్నాను. మధ్యాహ్నం గొడుగేసుకుని వచ్చి నా ముందుగది అంతా కలయజూశారు.

"పిల్లోళ్ళకు నీ మొహం ఎందుకు తల్లీ? నీ చెయ్యి చూపించు. కాగితం మీద గీస్తా చెప్పు, పైనుంచి ఫోను చూస్తా ఉంటది. అంతే."

"నాకు బొమ్మలు రావు గదా సార్."

"నాకొచ్చు గదా. నువ్వు నేర్చుకునే దాకా చెయ్యి నాది, గొంతు నీది."

పాఠానికి ముందుగది పనికిరాదని, మా నాయన వలలు పెట్టుకునే పక్కగది అడిగారు. మా నాయన పోయి అప్పటికి కొన్నేళ్ళయింది. ఆ వలలు కదిలించడం మా అత్తకు ఇష్టం లేదు. "మా అన్న ముట్టుకున్నయి" అంటూ గుమ్మంలో అడ్డంగా నిలబడింది. మాస్టారు ఆమెతో వాదించలేదు. చెప్పులు విడిచి లోపలికెళ్ళి, ఒక్కో వలను చిక్కుపడకుండా మడతపెట్టి, రెండు చేతులతో ఎత్తి ఆమె చేతుల్లోనే పెట్టారు. కాసేపటికి ఆమే, "అది గూడా తియ్యండయ్యా, కింద ఎలుకలు జేరినయి" అంది.

బల్లకు రెండు పక్కలా సరుగుడు కర్రలు నిలబెట్టి, మీద అడ్డంగా ఇంకోటి కట్టి, దానికి ఫోన్ వేలాడదీశాం. పోర్టు లారీ రోడ్డు మీద పోయినప్పుడల్లా పిల్లల తెర మీద బొమ్మ వణికేది. బియ్యం సంచుల్లో ఇసుక నింపి కర్రల మొదట్లో పెట్టించారు, వణుకు ఆగింది. ట్యూబులైటు కుడిపక్క ఉంటే చేతి నీడ గీత మీదే పడుతోందని ఎడమకు మార్చారు. అది కాగితం మీద నిగనిగలాడుతుంటే తన పాత పంచె చింపి అడ్డం కట్టారు. తెల్ల కాగితం పెడితే కెమెరా మనలాగే కళ్ళు చికిలిస్తుందని, చెయ్యి అడ్డం వచ్చినప్పుడల్లా వెలుతురు పెరుగుతూ తరుగుతూ ఉంటుందని కనిపెట్టి, లేత గోధుమరంగు కాగితం తెప్పించారు. ఫ్యాను వేస్తే కాగితం లేస్తుంది, ఆపేస్తే చెమట చుక్కలు పాఠం మీద రాలతాయి. ఫ్యానును బల్ల కిందికి దించి కాళ్ళకు గాలి తగిలేలా పెట్టారు. తెరలో ఎంతవరకు కనపడుతుందో బల్ల మీద నల్ల టేపు అంటించి, పెన్నులన్నీ ఆ గీత బయటే ఉండాలన్నారు. పొద్దున్నే థర్మల్ కరెంటు కేంద్రం బూడిద పొరలా పేరుకుని ఉండేది. ముందు బల్ల తుడవడం, తర్వాతే కాగితం పరవడం.

పిల్లలకెలా కనపడుతోందో చూసుకుందామని నేను రెండో ఫోన్ పక్కన పెట్టుకున్నాను. మాస్టారు దాన్ని బోర్లించేశారు. "అందులో నీ చెయ్యి ఒక్క క్షణం వెనకబడి వస్తది. దాన్ని చూస్తా గీస్తే నీకే తడబాటు. కాగితం చూడు, పిల్లోళ్ళు వాళ్ళే చూసుకుంటారు" అన్నారు. ఇంకో మాట కూడా అన్నారు, అది నేనిప్పటికీ తలుచుకోని రోజు లేదు. "గీత మాట కన్నా ఒక్క అడుగు ముందు పోవాల. ముందు వాళ్ళు చూడాల, ఏందబ్బా ఇది అనుకోవాల. అప్పుడు నువ్వు చెప్పాల."

అలా ఆయన గీస్తుంటే నేను చెప్పాను. వెళ్ళిపోయిన పిల్లలు తిరిగొచ్చారు. కొత్తవాళ్ళు చేరారు. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి పెన్న సముద్రంలో కలిసేచోట ఉప్పునీళ్ళు అడుగున, మంచినీళ్ళు పైన ఎలా పోతాయో చూశారు. ఒకసారైనా తెర మీదికి వచ్చి పిల్లలకు కనపడమని ఆయన్ను ఎన్నిసార్లు అడిగానో. "ముసిలి మొహం ఎందుకమ్మా. చెయ్యి చాలు" అని తోసేసేవారు.

గాలి పాఠం సంగతి ఇక్కడ చెప్పాలి. పగలు గాలి సముద్రం మీద నుంచి నేల మీదికి, రాత్రి నేల మీద నుంచి సముద్రం మీదికి ఎందుకు వీస్తుందన్నది పాఠం. ఎలా మొదలుపెట్టాలా అని ఇద్దరం ఖాళీ కాగితం ముందు కూర్చున్నాం. నాకు మా నాయన గుర్తొచ్చాడు. చిన్నప్పుడు నన్ను పడవ అంచున కూర్చోబెట్టుకుని ఒక మాట చెప్పేవాడు. "పగలంతా సముద్రం ఊపిరి వదల్తది బుజ్జీ, రాత్రంతా పీల్చుకుంటది. అది పీల్చేటప్పుడు మనం లోపలికి పోవాల, వదిలేటప్పుడు ఇంటికి రావాల." అది మాస్టారితో ఊరికే అన్నాను. పాఠంలో పెడదామని అనుకోనైనా లేదు.

ఆయన పెన్ను కింద పెట్టేశారు.

"ఇదే చెప్పు. పిల్లోళ్ళకు మీ నాయన మాటని చెప్పి మరీ చెప్పు. పుస్తకం మాట కాదిది. చేపలు పట్టే మనిషి మాట. ఆయన పేరుతోనే పోవాల" అన్నారు.

అలాగే చెప్పాను. పాఠం అయ్యాక మా అత్త గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ రోజు నాకు మాస్టారంటే దేవుడే.

తర్వాత కొన్నాళ్ళకు ఆయన మధ్యాహ్నాలు రావడం తగ్గించారు. కుడికన్ను మసకేస్తోందని, నెల్లూరులో చూపించుకుంటున్నానని అన్నారు. నాకు భయం వేసింది. ఆయన కంటికి శ్రమ లేకుండా ఇంకో లైటు పెట్టించాను. సన్నపెన్నులు తీసేసి లావు పెన్నులు తెప్పించాను. ఎండలో బస్సెక్కొద్దని, ఆటో మాట్లాడతానని అంటే, "వద్దులే, కారొస్తది. తెలిసినోళ్ళది" అన్నారు. కంటి డాక్టరు దగ్గరికి కారు ఎవరు పంపుతారని నేను అడగలేదు. అడగాలని తోచలేదు.

ఒక మధ్యాహ్నం మా అత్త చేపలు అమ్మకుండానే గంపతో తిరిగొచ్చింది. మొహం ఎర్రగా ఉంది.

"ముత్తుకూరులో ఒక పిల్ల ఫోను చూసుకుంటా ఉంటే మా అన్న మాట వినపడింది మే. నా గుండె ఆగిపోయింది. నువ్వు చెప్పిందే అనుకున్నా. తొంగి చూస్తే ఎవుడో కుర్రోడు. మా తాత చెప్పేవాడు అంటన్నాడు. వాళ్ళ తాతంట! మా అన్న మాట వాళ్ళ తాతదెట్టా అయితది?"

వెతికి పట్టుకున్నాను. నెల్లూరులో ఒక కోచింగ్ సంస్థ పెట్టిన పాఠం అది. గోధుమరంగు కాగితం. ఎడమనుంచి వెలుతురు. చుట్టూ నల్ల టేపు. పెన్ను పట్టుకున్న చెయ్యి గాలిలో ఒక్కసారి తిరిగి కాగితం మీద వాలింది. ఇంక నేను వేరే ఏమీ చూడక్కర్లేకపోయింది. ఒడ్డు, పడవ, సూర్యుడు, ఎర్ర బాణాలు, నీలం బాణాలు అన్నీ మా గదిలో పుట్టిన వరసలోనే వచ్చాయి. పక్కనుంచి ఒక యువకుడి గొంతు, తీర్చిదిద్దిన గొంతు, "మా తాతగారు నన్ను పడవలో కూర్చోబెట్టుకుని అనేవారు" అంటోంది. చివర్లో ఇద్దరూ తెర మీదికొచ్చి నమస్కారం పెట్టారు. ముసలి మొహం ఎందుకన్న మనిషి నెల్లూరు ఎండల్లో నీలం కోటు వేసుకుని నవ్వుతున్నారు. నాకు తెలిసినన్నాళ్ళలో ఆయన అలా నవ్వగా చూడలేదు.

మర్నాడు వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. ఆయన భార్యను మేమంతా అమ్మగారంటాం. నన్ను చూడగానే, "ఎండన పడి వచ్చినావే, మజ్జిగ తెస్తా ఉండు" అని లోపలికి వెళ్ళింది.

"కన్ను ఎట్టుంది సార్?"

"పర్లేదమ్మా. చుక్కలు ఏస్తన్నారు."

ఫోన్ తీసి ఆ పాఠం పెట్టి ఆయన ముందు పట్టుకున్నాను. తన చేతిని తనే కాసేపు చూసుకున్నారు. తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట ఇది.

"సౌండు తగ్గించమ్మా. లోపల వినపడుద్ది."

"ఎందుకు చెప్పలా సార్?"

"చెప్దామనే అనుకున్నా. నువ్వు నొచ్చుకుంటావని..."

"మీరు అక్కడికి పోయినందుకు కాదు సార్. నాతో ఒక్క మాట చెప్పుంటే నేనే సంతోషంగా పంపించుండేదాన్ని. ఇన్నాళ్ళకు మీ పనికి మర్యాద ఇచ్చినారు, పోవాల్సిందే. కన్ను బాగలేదని నాతో ఎందుకన్నారు? మా నాయన మాట వాళ్ళ తాతదెట్టా అయింది?"

ఆయన గుమ్మం వైపు చూశారు. గొంతు తగ్గించారు.

"మాటల్లో మాటగా నేను చెప్పినా. ఆ అబ్బాయి అట్టా అనేసినాడు. నేనేం చేసేది తల్లీ? నాది చెయ్యే గదా."

అంతలో అమ్మగారు మజ్జిగతో వచ్చింది. ఆయన గొంతు మారిపోయింది. "తాగమ్మా, తాగు. కరేపాకు వేసిందా?" అన్నారు, ఏమీ జరగనట్టు. ఆమె ముందు నేనేమీ అనలేకపోయాను. ఆయనకు కావలసింది కూడా అదే. మజ్జిగ తాగి వచ్చేశాను. మళ్ళీ ఆయన మా ఇంటికి రాలేదు, నేను పిలవలేదు.

ఆ పాఠం కింద, ఇది మా నాయన చెప్పిన మాట అని రాశాను. మర్నాటికి నేను రాసింది కనపడలేదు, ఆ సంస్థలో ఎవరో తీసేశారు.

నేనే గీయడం మొదలుపెట్టాను. మొదట్లో నా చేపలు వంకాయల్లా ఉండేవి. పిల్లలు నవ్వితే నేనూ నవ్వేదాన్ని. కిటికీ పక్క కూర్చుని, ఆయన చెప్పిన మాటలన్నీ తలుచుకుంటూ, ఆయన మీద కోపంతో, ఆయన చెప్పినట్టే గీసేదాన్ని. ఎవరి మీద మనసు విరిగిందో ఆ మనిషి మాటే పొద్దస్తమానం వింటూ బతకడం ఎలా ఉంటుందో చెప్పలేను. లైటు సర్దుకుంటే ఆయనే, కాగితం పరిస్తే ఆయనే.

చివరిసారి ముత్తుకూరు ఆటో స్టాండులో కనిపించారు. చిక్కిపోయి ఉన్నారు. కోటు లేదు. ఎప్పటి చొక్కానే, చేతులు మడిచి ఉంది.

"నీ గీత నిలబడిందమ్మా" అన్నారు.

"చూస్తన్నారా సార్?"

"రోజూ చూస్తా. మొన్న చేపలో మొప్ప కొంచెం ముందుకొచ్చింది. వెనక్కి జరుపు."

ఇప్పుడంటారు, ఇప్పుడంటారు అని చూశాను. తప్పయిందని అనకపోయినా పర్వాలేదు, మీ నాయన మాట అట్టా కావడం బాగలేదు అన్నా చాలు. ఆయన లవంగం మొగ్గ తీసి నాకొకటిచ్చి తనొకటి వేసుకున్నారు. ఆటో వచ్చింది, ఎక్కేశాను.

ఆయన పోయినరోజు వాళ్ళింటికి వెళ్ళాను. గేటుకు ఆ సంస్థవాళ్ళు కట్టిన ఫ్లెక్సీలో నీలం కోటుతో నవ్వుతున్నారు. లోపల చాప మీద పంచెతో పడుకుని ఉన్నారు. కుడిచేతి చూపుడువేలి పక్కన సిరామరక ఇంకా ఉంది. అది చూశాక ఏడుపొచ్చింది. అప్పుడు కూడా అది దేనికి వచ్చిందో నాకు తెలియదు.

తర్వాత కొన్నాళ్ళకు అమ్మగారు ఫోన్ చేసింది. సంస్థవాళ్ళు ఆన్‌లైన్‌లో సంతాపసభ పెడుతున్నారని, పాత విద్యార్థులంతా వస్తున్నారని చెప్పింది. "నువ్వు మాట్లాడకపోతే ఎట్టమ్మా. అందరికన్నా ఆయనకు నువ్వే దగ్గర" అంది. మేమిద్దరం ఎందుకు దూరమయ్యామో ఆమెకు తెలియదు. కాదనలేకపోయాను.

సభలో ఒక్కొక్కరే మాట్లాడారు. తర్వాత ఆ యువకుడు, "సార్ చేసిన పాఠాల్లో అందరికీ ఇష్టమైనది ఒకటి చూద్దాం" అంటూ గాలి పాఠమే పెట్టాడు. మా అత్త నా వెనకే స్టూలు మీద కూర్చుని ఉంది. "మా తాతగారు" అని వినపడగానే లేచి బయటికి వెళ్ళిపోయింది. పాఠం అయ్యాక చాలామంది కళ్ళు తుడుచుకోవడం కనిపించింది. తర్వాత నన్ను మాట్లాడమన్నారు.

ఏదో రెండు మాటలు అని ముగిద్దామనుకునే కూర్చున్నాను. కానీ మా అత్త లేచిపోయిన స్టూలు ఖాళీగా కనిపించింది. ఫోన్ చేతిలోకి తీసుకుని సరుగుడు కర్రకు తగిలించాను. కాగితం పరిచాను.

"మేడమ్, మీ కెమెరా కిందికి తిరిగింది" అన్నారెవరో.

"తిరగలేదండీ. సార్ నాకు ఇట్టానే నేర్పినారు" అన్నాను.

ఒడ్డు గీశాను. పడవ గీశాను. అందులో మనిషిని గీశాను, నడుముకు పంచె, తలకు తువ్వాలు. అతని పక్కన ఒక చిన్నపిల్లను గీశాను. ఎర్ర బాణం గీశాక అప్పుడు చెప్పాను.

"ఈయన మా నాయన. ఈ ఒడ్డునే చేపలు పట్టేవాడు. పగలంతా సముద్రం ఊపిరి వదల్తది, రాత్రంతా పీల్చుకుంటదని నాకు చెప్పింది ఈయనే. సార్‌కు నేను చెప్పినా. ఆ మాట మీ నాయన పేరుతోనే పిల్లలకు చెప్పమని నాకు చెప్పింది సారే. అందుకని చెప్తన్నా."

అంతే అన్నాను. మిగతాది అనలేదు. నీలం బాణాలు కూడా గీసి పెన్ను మూత పెట్టాను. ఎవరో ఒకరు చప్పట్లు మొదలుపెట్టి, సంతాపసభ అని గుర్తొచ్చి ఆపేశారు. తల తిప్పి చూస్తే మా అత్త గుమ్మంలో ఉంది. "పడవ ముక్కు ఇంకా లేవాల" అని మాత్రం అంది. కళ్ళనిండా నీళ్ళు.

సభ ముగియగానే ఆ యువకుడు ఫోన్ చేశాడు. గొంతులో తీర్చిదిద్దినతనం లేదు.

"మేడమ్, నన్ను క్షమించండి. అది మీ నాన్నగారి మాటని నాకు తెలియదు. ఎవరో చేపలాయన అనేవాడని సార్ చెప్పారు. నేనలాగే చెబుతానన్నాను మేడమ్. సారే వద్దన్నారు. 'ఎవురో చేపలాయనంటే ఎవురు వింటారబ్బాయ్, మీ తాతన్నాడని చెప్పు, మనసుకు తగుల్తది' అన్నారు. ఆ పాఠం రేపే తీసేసి మళ్ళీ చేస్తాను. మీ నాన్నగారి పేరు చెప్పండి."

పేరు చెప్పి ఫోన్ పెట్టేశాను. అంతవరకు నేను ఆయన పిరికితనాన్నే తిట్టుకున్నాను. పొగడ్తకు పడిపోయాడు, నోరు జారాడు, చెప్పడానికి భయపడ్డాడు అనుకున్నాను. ఇది వేరు. చేప తోక గీసి మా చేతికి సుద్దముక్క ఇచ్చిన మనిషి, మా నాయన వలలను రెండు చేతులతో ఎత్తిన మనిషి, కోటు వేసుకోగానే "ఎవురో చేపలాయన" అన్నాడు. వరండాలో నేనడిగినప్పుడు దాన్ని కూడా ఆ పిల్లవాడి మీదికే తోశాడు. ఆ వలలు ఎత్తినప్పటి మనిషి నిజమా, ఈ మనిషి నిజమా? ఇద్దరూ నిజమేనేమో. తప్పయిందని ఒక్కసారి కూడా అనని మనిషిని ఎలా క్షమించాలో నాకు ఎవరూ నేర్పలేదు. ఇది మా అత్తకు చెప్పలేదు. ఎప్పటికీ చెప్పను. ఆమె చదవదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మర్నాడు అమ్మగారు రమ్మంది. పెరట్లో నీళ్ళతొట్టి పక్కన పీట వేసుకుని కూర్చుని ఉంది. నన్నూ కూర్చోమంది.

"ఆయన నీకేదో చేసినాడు. ఏందది?" అంది సూటిగా.

నేను కొంగు సర్దుకుని కూర్చున్నాను.

"నువ్వు చెప్పొద్దులే. నిన్న నువ్వు గీస్తా ఉంటే ఆ కుర్రోడి మొహం చూసినా. ఆయన కంటికి ఏ జబ్బూ లేదని గూడా నాకు తెలుసు. నువ్వు లైటు మార్పించినావని ఈయనొచ్చి చెప్తే, ఎందుకు ఆ బిడ్డను అట్టా తిప్పుతావయ్యా అన్నా. గమ్మునుండిపోయినాడు." నా వైపు తిరిగి అడిగింది. "నీతో ఎప్పుడన్నా తప్పయిందన్నాడా?"

"లేదమ్మా."

"అనడు. మా పెండ్లయిన కొత్తలో మా అమ్మిచ్చిన ఊరగాయ జాడీ పగలగొట్టినాడు. పిల్లి తోసేసిందన్నాడు. మాకు పిల్లే లేదు. పక్కింటి పిల్లి అన్నాడు. పక్కింట్లో గూడా లేదు. నిన్న మొన్నటిదాకా అడగతానే ఉండినా. పిల్లే అన్నాడు. పోయినాడు."

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది. ఇద్దరం నవ్వాం, తర్వాత నవ్వలేకపోయాం.

ఆమె ముందు బకెట్లో ఆయన రంగుల బ్రష్షులు నానుతున్నాయి. పోయే ముందురోజు దేనికో రంగులు కలిపి, కడగకుండా వదిలేశారట. ఇన్నాళ్ళకు చూసుకుని నానబెట్టిందట.

"ఇప్పుడు ఎవరికమ్మా ఇవి?" అన్నాను.

"ఎవరికో ఏందో. ఎండితే బిరుసెక్కిపోతయి గదా."

ఒకటి నా చేతికిచ్చింది. అరచేతిలో నీళ్ళు పోసుకుని, బ్రష్షు కుచ్చును వేళ్ళతో నొక్కుతూ కడిగాను. నీలం వచ్చింది, పచ్చ వచ్చింది, తర్వాత నీళ్ళు తేటగా వచ్చాయి. అయిపోయిందనుకుని విదిలిస్తే కుచ్చు మొదట్లోంచి మళ్ళీ ఎరుపు దిగింది. అమ్మగారు ఇంకో చెంబు ముంచి నా చేతుల మీద పోసింది.